నారాయణపట్న నుంచి కళింగపట్నం దాకా

ఒడిశా కొండల్లోని నారాయణపట్నలో సంత. పసుపుకొమ్ములు, చింతపండు, కొండచీపుళ్ల కట్టలు. కువి, ఒడియా, తెలుగు కలగలిపి బేరాలు సాగుతున్నాయి. పార్వతీపురం జీపులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, సముద్రం ఒడ్డుకు పోతున్నానని విని, "మా తాతలు కావిళ్లేసుకుని ఉప్పుకోసం అందాకా ఎల్లేవోరంట బాబూ" అన్నాడు. కొండకీ రేవుకీ ఉన్న ఆ పాత బంధం కోసమే నా ప్రయాణం.

ఇక్కడి ఝంజావతి నాగావళిలో కలుస్తుంది, నాగావళి శ్రీకాకుళం దాటి సముద్రంలో. నేను పాలకొండ మీదుగా శ్రీకాకుళం చేరి, అక్కణ్నుంచి వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం కొండెక్కాను. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించిన చోటు ఇది. వాడుక భాషకే కాదు, ఈ కొండకూ మనం ఆయనకు రుణపడ్డాం. తర్వాతి తవ్వకాల్లో బౌద్ధుల ఇటుక స్తూపాలు, చైత్యాలు, వారి దేవతలు తార, మారీచిల విగ్రహాలు బయటపడ్డాయి.

నా మనసు మాత్రం ఇక్కడ దొరికిన కుండపెంకుల మీదే. రూలెటెడ్ వేర్ అంటారు. సన్నటి పళ్లెం, లోపలి అడుగున వలయాలుగా తీర్చిన చిన్నచిన్న గాట్లు. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడును తవ్విన పురావస్తువేత్త వీలర్ ఇది మధ్యధరా తీరపు సరుకనుకున్నాడు. మట్టిని పరీక్షిస్తే మన దేశానిదే అని తేలింది. ఎర్రసముద్రపు బెరెనికే రేవులోనూ, అటు బాలి దీవిలోనూ ఇవే పెంకులు దొరికాయి.

నేటి ఇజ్రాయెల్ తీరంలో, ప్రాచీన ఫిలిష్తీయుల రేవు అష్కెలోన్‌లో కథ ఇందుకు తలకిందులు. ఏజియన్ తీరపు తీరులో చేసిన కుండలు, మట్టి మాత్రం స్థానికం. అంటే వచ్చింది సరుకు కాదు, మనుషులా? 1985 నుంచి 2016 దాకా పురావస్తువేత్తలు స్టేగర్, మాస్టర్‌ల బృందం అక్కడ తవ్వింది. ఇళ్ల నేల కింద పాతిపెట్టిన పసిపిల్లల ఎముకల్లోని డీఎన్‌ఏలో దక్షిణ ఐరోపా మూలాలు కనిపించాయని 2019లో ప్రకటించారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది గుళ్లూ కోటలూ కాదు, మామూలు ఇళ్లు.

శాలిహుండం కొండ దిగి, పాత రేవు కళింగపట్నం చేరాను. దీపస్తంభం ఉంది, ఓడలు రావు. శాలిహుండంలో భిక్షువుల జాడ తెలిసింది. వారిని పోషించిన వర్తకులు, కళాసీలు, కుమ్మరులు ఎక్కడ బతికారో, ఎవరి బిడ్డలో కూడా తెలియాలి. పురావస్తు శాఖ, మన విశ్వవిద్యాలయాలు కలిసి వంశధార ముఖద్వారం దగ్గర, అష్కెలోన్‌లో లాగా ఏళ్ల తరబడి ఓపిగ్గా తవ్వాలి. చెరువులూ ప్లాట్లూ ఆ నేలను కమ్మేయకముందే మొదలుపెట్టాలి.