దాచుకున్న ఊరు

ఇంటి నుంచి ఇచ్చే ఇంటర్వ్యూకి సబ్జెక్టు చదివితే చాలదు, మాట్లాడే ఇంటినీ సిద్ధం చేసుకోవాలి. ఒక మంచి ఉద్యోగం చేజారితే గాని నాకు ఈ సంగతి తలకెక్కలేదు.

అది మిరపకాయల కాలం. వెల్దుర్తిలో మా ముందుగదిలో గుంటూరు యార్డుకు పోవాల్సిన టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. డేటా అనలిస్టు ఉద్యోగానికి ఎస్‌క్యూఎల్ బాగానే సాధన చేశాను. కానీ ఆ టిక్కీలూ, సున్నం రాలిన గోడా ఇంటర్వ్యూ చేసేవాళ్ళ కంట పడతాయని సిగ్గుపడి, జూమ్‌లో వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకున్నాను.

మనిషిని గది నుంచి క్షణక్షణం విడదీసి చూపడం ప్రాసెసర్‌కు పెద్ద భారం. నా పాత ల్యాప్‌టాప్ వేడెక్కి, మాట తెగిపోసాగింది. అంతలో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, వైఫై రూటర్‌కు లేదు. ఫోన్‌లో యాప్ లేదు. అది డౌన్‌లోడ్ అయ్యేసరికి నాకిచ్చిన టైము అయిపోయింది. క్షమించమని మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు.

ఇక్కడ కరెంటు పోతుందని నాకు తెలుసు, వాళ్ళకు తెలియదు. ముందే చెప్పాల్సింది నేనే. పల్లెటూరంటే చిన్నచూపు చూస్తారని భయపడ్డాను. అంతకన్నా బాధ మరొకటుంది. ‘మీరు సొంతంగా పరిష్కరించిన సమస్య ఏదైనా చెప్పండి’ అని అడిగితే, ఎక్కడో చదివిన ఉదాహరణ అప్పజెప్పాను. నాన్న మిరప సాగు లెక్కలు, అంటే విత్తనం, మందులు, కూలీలు, కోల్డ్ స్టోరేజీ అద్దె, అన్నీ ఎక్సెల్‌లో పెట్టి ఖర్చు ఎక్కడ పెరుగుతోందో చూపించింది నేనే. టిక్కీలతో పాటు ఆ పనినీ దాచేశాను.

ఇప్పుడు రూటర్‌కు చిన్న యూపీఎస్ ఉంది. ఫోన్‌లో యాప్, వేరే నెట్‌వర్క్ సిమ్ సిద్ధంగా ఉంటాయి. ఇంటర్వ్యూ జరిగే వేళకే ముందురోజు ఒక స్నేహితుడితో కాల్ మాట్లాడి చూస్తాను. డౌన్‌లోడ్ స్పీడుతో పాటు అప్‌లోడ్ కూడా చూస్తాను. మన గొంతు అవతలికి చేరేది దానితోనే. ముఖం మీద వెలుతురు పడేలా కిటికీకి ఎదురుగా కూర్చుంటాను.

మొదటి మాటగా, ‘మాది పల్నాడులో వెల్దుర్తి అండి. కరెంటు పోతే వెంటనే ఫోన్‌లోంచి కలుస్తాను’ అని చెబుతాను. అలా చెప్పాక నన్నెవరూ తక్కువగా చూడలేదు. మీరూ చెప్పండి. దాచాల్సింది ఏమీ లేనప్పుడు మనసంతా జవాబు మీదే ఉంటుంది.