ఆదిలాబాదు దారిలో మా పాత కారు

కరీంనగరం నుండి ఆదిలాబాదు పోవడానికి రెండు దారులున్నవి. జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరి, జాతీయ రహదారి పట్టుకొని నిర్మల్ గుండా పోవడం తొందరపనులున్న వారి దారి. చొప్పదండి, ధర్మారం మీదుగా రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు అడవులలోంచి పోవడం తీరిక గలవారి దారి. మాది రెండవది. మా చెల్లెలి కాపురం ఆదిలాబాదులో. ఏటా పుష్యమాసంలో అమ్మను తీసుకొని ఒకసారి వెళ్ళి రావడం మాకు ఆనవాయితీ.

మా వాహనం 2007 నాటి మారుతి 800. నంబరు పలక మీద ఇప్పటికీ ఏ.పి. 15 అనే ఉన్నది. 2022లో పదిహేనేళ్ళు నిండగా రవాణా కార్యాలయంలో పరీక్షించి మరి అయిదేళ్ళు ఆయుర్దాయం రాసి ఇచ్చారు. మూడు సిలిండర్ల ఇంజను. గుట్ట ఎక్కేటప్పుడు నలుగురం కూర్చుంటే కొంచెం బతిమాలుకోవలసి వస్తుంది. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. నలభై దాటినవాణ్ణి, మేడ ఎక్కేటప్పుడు నేనూ అంతే గదా!

తప్పు కనిపెట్టినవాడు మా మేనల్లుడు. చెల్లెలి కొడుకే, మా యింట ఉండి ఇంజనీరింగు చదువుతున్నాడు. “మామా, నీ బండికి బలం లేక కాదు, ఊపిరాడక గిట్లున్నది,” అన్నాడొక ఆదివారం. చల్లని గాలి లోపలికి ఎక్కువ పోవాలట, పొగ అడ్డం లేకుండా బయటికి రావాలట, దారిలో ఉన్న దండుగ సామానంతా తీసేస్తే బండి పులిలాగా ఉరుకుతుందట. నేను తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి. సంధి విడగొట్టమంటే క్షణంలో విడగొట్టి చూపుతాను. సైలెన్సరు విడగొట్టే సంగతిలో అతని మాటే నాకు ప్రమాణం. పైగా ‘పులి’ అనే మాట చెవికి బాగున్నది.

మేనల్లుడు తీసుకువెళ్ళిన మెకానిక్కు బానెట్ ఎత్తి, లోపల ఒక్కొక్కదాన్నే వేలితో పొడుస్తూ తీర్పులు చెప్పాడు. గాలి వడకట్టే నల్లని డబ్బా, దాని పొడుగాటి గొట్టమూ దండుగ. వాటికి బదులు శంకువు ఆకారంలో ఎర్రని ఫిల్టరు ఒకటి ఇంజను పక్కనే బిగించాడు. పెట్రోలు ట్యాంకు నుండి వచ్చే గొట్టానికి తగిలించి ఉన్న బొగ్గు డబ్బా దండుగ, అదీ ఊడింది. (బొగ్గుకు మాకేమి కరువు, పక్కనే సింగరేణి ఉన్నది, అనుకున్నాను. ఆ బొగ్గు వేరు, ఈ బొగ్గు వేరు అని తెలియడానికి ఆదిలాబాదు దాకా పోవలసి వచ్చింది.) చివరకు కారు కిందికి దూరి, సైలెన్సరుకు ముందున్న ఒక లావుపాటి ఇనుప డబ్బాను కోసివేసి, దాని స్థానంలో ఉత్త పైపు అతికించాడు. అడ్డం వచ్చిన తీగ ఒకదాన్ని కూడా పీకి పక్కన చుట్టి పెట్టాడు.

“కొత్త పైపుకు పైసలు వద్దు సార్,” అన్నాడు చివర. “గీ పాత డబ్బ నాకు ఇడ్సిపెట్టుండ్రి, చాలు.”

ఈ కాలంలో పైసలు వద్దనే మనిషిని చూచి నాకు కళ్ళు చెమర్చినంత పని అయింది.

ప్రయాణం నాడు తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాము. తాళం తిప్పగానే కారు వేసిన కేకకు వీధిలో కుక్కలన్నీ లేచి సమాధానం చెప్పాయి. ఎదురింటి వారి కిటికీలో దీపం వెలిగింది. మేనల్లుడి ముఖం కూడా వెలిగింది. నిజం ఒప్పుకోవాలి, చొప్పదండి రోడ్డు మీద బండి ఇదివరకటి కంటె చురుకుగానే ఉన్నట్టు తోచింది. చప్పుడు ఎక్కువైతే వేగం ఎక్కువైనట్టు తోచడం మనిషి స్వభావం కాబోలు. సభలలో కొందరి ఉపన్యాసాలు విన్నప్పుడు కూడా ఇలాగే తోస్తుంది.

కరీంనగరం చుట్టుపక్కల గుట్టలకు గుట్టలే గ్రానైటు క్వారీలు. ఇల్లంత బండరాళ్ళను గొలుసులతో కట్టుకొని లారీలు పోతుంటాయి. అటువంటి లారీ ఒకటి మా ముందు నడిచింది. దాని చక్రాల కింద నుండి లేచిన బూడిదరంగు దుమ్ములోంచి చాలాసేపు మెల్లగా సాగాము. మేము అద్దాలు బిగించుకొని కూర్చున్నాము. బానెట్ కింద ఎర్రని ఫిల్టరు మాత్రం నోరు తెరుచుకొనే ఉన్నది.

రాయపట్నం వంతెన చేరేసరికి తూర్పు తెల్లబడింది. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఊరు ధర్మపురి అక్కడికి దగ్గరే. ప్రతిసారి వంతెన దగ్గర ఆగి, అమ్మ గోదావరికి దండం పెట్టుకొని, నదిలో ఒక రూపాయి వేసి వస్తుంది. ఈసారి దిగి రెయిలింగు పట్టుకొని నిలబడిపోయింది.

“తల తిరుగుతాంది బిడ్డా. పొద్దటిసంది కారంత పెట్రోలు వాసన. మీకు వస్తలేదా?”

వస్తున్నది. ఎవరం పైకి అనలేదు, అంతే. మేనల్లుడు, “కొత్త సామాను గద అమ్మమ్మా, రెండు దినాలల్ల పోతది,” అన్నాడు. నేను ఊరుకున్నాను. లక్సెట్టిపేటలో టీ తాగించి, అమ్మవైపు అద్దం సగం దించి, చలికి శాలువా కప్పి మళ్ళీ బయలుదేరదీశాము.

జన్నారం దాటితే కవ్వాల అడవి. 1965 నుండి అభయారణ్యం; 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పుష్యమాసంలో టేకు ఆకులు ఎండి, పళ్ళెమంత ఆకు ఒక్కొక్కటే చప్పుడు చేస్తూ రాలుతుంది. ఏటా అక్కడ ఒకచోట బండి ఆపి ఆ చప్పుడు వినడం నాకు ఇష్టం. ఈసారి మా బండి రొదలో ఏదీ వినబడలేదు. కొండముచ్చులు మమ్మల్ని చూడక ముందే, విని కొమ్మలెక్కి పోయాయి. ‘పులిలాగా’ అన్న మాట అప్పుడు గుర్తుకు వచ్చి కొంచెం సిగ్గు వేసింది.

ఇంకొంత దూరం పోగానే రోడ్డు పక్కన బారుగా నడుస్తున్న మనుషులు కనబడ్డారు. తెల్లని ధోవతులు, తెల్లని తలపాగలు, చెప్పులు లేని కాళ్ళు. మెస్రం వంశం వారు. ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూరులో పుష్య అమావాస్య రాత్రి నాగోబా పూజ జరుగుతుంది. దానికి కావలసిన గోదావరి నీటి కోసం ఆ వంశం వారు కేస్లాపూరు నుండి కాలినడకన జన్నారం మండలంలోని కలమడుగు దగ్గర హస్తినమడుగుకు వచ్చి, నీళ్ళు ముంచుకొని, మళ్ళీ కాలినడకనే తిరిగి పోతారు. ఇన్నేళ్ళుగా ఆ దారిన పోతున్నా, నేను వారిని కళ్ళారా చూడడం అదే మొదలు. వరుసలో ఒక ముసలాయన గుడ్డ చుట్టిన నీళ్ళ చెంబును చంటిపిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకొని నడుస్తున్నాడు.

రోడ్డు చిన్న ఎత్తు ఎక్కుతున్నది. “ఇప్పుడు తొక్కు మామా,” అన్నాడు మేనల్లుడు. తొక్కాను.

దాటిపోయిన తరువాత అద్దంలో చూచాను. రోడ్డు కనబడలేదు. నల్లని పొగ తెరలాగా పరుచుకొని, ఆ తెల్లబట్టల వారిని ఒక్కొక్కరినే మింగుతున్నది. కొందరు ముఖాలకు పాగా చెంగులు అడ్డం పెట్టుకున్నారు. ముసలాయన అడవివైపు తిరిగి, వంగి, అరచేతితో చెంబు మూతి కప్పుతున్నాడు. తన ముక్కు సంగతి ఆయనకు పట్టినట్టు లేదు.

బండి ఆపి వెనక్కి వెళ్ళి ఏమైనా అనవలసింది. ఆపలేదు. ఆపి ఏమని చెప్పను అనుకుంటూనే మలుపు తిరిగిపోయాము. అమ్మ మాత్రం, “దేవుని నీళ్ళురా అవి,” అన్నది. ఉట్నూరు దాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. ఇంద్రవెల్లిలో, 1981 ఏప్రిల్ 20 నాటి కాల్పులలో చనిపోయిన గోండుల స్తూపం దగ్గర కూడా ఎప్పటిలాగా ఆగలేదు. గుడిహత్నూరు దగ్గర జాతీయ రహదారి ఎక్కి, పత్తి లారీల మధ్య నుండి ఆదిలాబాదు చేరాము.

మరునాడు పొద్దున్నే, ఆ ఊళ్ళో పేరున్న ఒక ముసలి మేస్త్రి దగ్గరకు కారు తీసుకువెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తక ముందు వెనక్కి పోయి, పొగగొట్టంలో వేలుపెట్టి తిప్పి, కాటుకైన వేలు నాకు చూపించాడు. తరువాత ఎర్రని ఫిల్టరు విప్పి తెల్లకాగితం మీద దులిపాడు. కరీంనగరం రాతిదుమ్ము, ఆదిలాబాదు పత్తినూగు రెండూ ఆ కాగితం మీద కలుసుకున్నాయి.

“చల్లని గాలి కోసం పెట్టిండ్రా సాబ్ దీన్ని? చెయ్యి పెట్టి చూడుండ్రి,” అన్నాడు.

చూచాను. ఫిల్టరు ఉన్నచోట ఇంజను వేడి పొయ్యిగడ్డ మీది సెగలాగా తగిలింది. కంపెనీ వాడు పెట్టిన పొడుగాటి గొట్టం వేడి తగలని ముందువైపు నుండి గాలి తెచ్చుకునేదట. మేము దాన్ని పీకేసి, చల్లగాలి పేరుతో ఇంజను విడిచిన వేడినే దానికి మళ్ళీ తాపుతున్నాము! గాలి చల్లబడితే చిక్కబడుతుందన్న మాట మాత్రం నిజమే. కరీంనగరంలో నలభై అయిదు డిగ్రీల వైశాఖపు ఎండలో ఉన్న గాలికంటె, ఆదిలాబాదులో పది డిగ్రీల పుష్యమాసపు పొద్దుటి గాలి నూటికి పన్నెండు పాళ్ళు చిక్కన. ఆ లాభం దేవుడు ఊరికే ఇస్తున్నాడు, ఏ ఫిల్టరూ కొనకుండానే. పాత కార్బ్యురేటరు కార్లలో చాలావాటికి ఎండాకాలం ఒకచోట నుండి, చలికాలం పొగగొట్టం దగ్గరి వెచ్చని చోట నుండి గాలి తీసుకునే ఏర్పాటు ఉండేదని, చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కావడానికి వెచ్చని గాలే మేలని కూడా మేస్త్రి చెప్పాడు. చల్లదనమే సర్వస్వం అయితే ఆ తంటా ఎందుకు పడతారు?

బొగ్గు డబ్బా పని పెట్రోలు ఆవిరిని పీల్చి దాచి, ఇంజను నడుస్తున్నప్పుడు దానికి అందించడం. అది లేనందువల్ల గొట్టం నోటి నుండి ఆవిరి నేరుగా మా అమ్మ ముక్కుకు అందింది. పీకి చుట్టిపెట్టిన తీగ, పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో కొలిచి చెప్పేదట. ఆ కబురు అందక, బండిలోని కంప్యూటరు గుడ్డివాడు నూనె పోసినట్టు పెట్రోలు పోస్తూ వచ్చింది. అదీ నల్లపొగకు కారణం.

మరి ఇనుప డబ్బా? దాని లోపల తేనెపట్టు వంటి పింగాణి గూళ్ళు, ఆ గూళ్ళకు ప్లాటినం, పల్లేడియం, రోడియం లోహాల పూత ఉంటాయి. బాగా వేడెక్కిన తరువాత, విషమైన కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు గాలిగాను, కాలని పెట్రోలును నీటి ఆవిరిగా, బొగ్గుపులుసు గాలిగాను, నత్రజని ఆక్సైడులను మామూలు నత్రజనిగాను అది మారుస్తుంది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల కొత్త పెట్రోలు కార్లకు మొదట దీన్ని తప్పనిసరి చేశారు. సీసం తగిలితే ఆ పూత పాడవుతుంది; 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. 2005లో భారత్ స్టేజి రెండు ప్రమాణాలు దేశమంతటికీ వర్తించాయి. నా 2007 కారుకు అది పుట్టుకతో వచ్చింది.

“పైపుకు పైసలు తీసుకోలేదన్నరు గద,” అని మేస్త్రి నవ్వాడు. “ప్లాటినం ఇచ్చినంక ఇంక పైసలెందుకు తీస్కుంటడు సాబ్?”

పొగ పరీక్ష కూడా చేయించాను. నా కారు వంటి దానికి కార్బన్ మోనాక్సైడు నూటికి అరపాలు మించరాదు. యంత్రం మూడు పాళ్ళకు దగ్గర చూపింది. ఈ హద్దు మీరితే పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉండవచ్చునట. తయారీదారు చేసిన దానికి విరుద్ధంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను విడిగా చెబుతున్నది. పాఠం చెప్పే వృత్తిలో ఉన్నవాడికి ఇవన్నీ చెవులు పట్టుకొని వింటుంటే ఎలా ఉంటుందో పాఠకులు ఊహించుకోగలరు. పక్కన మేనల్లుడు తల దించుకొని కాగితం మీది దుమ్మును వేలితో గీస్తున్నాడు. వాణ్ణి ఏమీ అనలేదు. తొక్కిన కాలు నాది.

సాయంత్రం చెల్లెలు, మేనల్లుడు, నేను గడపలో కూర్చుని లెక్క వేశాము. కొత్త డబ్బా, ఫిల్టరు, తీగ, అన్నీ కలిపి ముసలి కారు అమ్మితే వచ్చే దానిలో మంచి వాటాయే అవుతుంది. “అమ్మేయరాదా అన్నా?” అన్నది చెల్లెలు. అమ్మితే కొన్నవాడు అదే దారిన, అదే పొగతో పోతాడు. సామాను తెప్పించమని మేస్త్రికి బయానా ఇచ్చి, కారును చెల్లెలి ఇంటి ముందు వేపచెట్టు కింద విడిచిపెట్టి, మేము ముగ్గురం ఉట్నూరు మీదుగా వచ్చే ఆర్.టి.సి. బస్సు ఎక్కాము.

ముత్నూరు దగ్గర కేస్లాపూరు దారి మలుపులో బండ్లు, దుకాణాల సామానుతో ట్రాలీలు జాతరకు తిరుగుతున్నాయి. అమ్మ కిటికీలోంచే దండం పెట్టింది. జన్నారం అడవిలో ఆ చిన్న ఎత్తు వచ్చినప్పుడు నేను రోడ్డు వైపు చూడలేదు. రాయపట్నం వంతెన మీద అమ్మ బాకీ పడిన రూపాయి నదిలో వేసి నా భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. ముందు సీటులో మేనల్లుడు మాత్రం కిటికీ చువ్వలకు చెంప ఆనించి, బస్సు వెనక ఏమి విడిచిపెడుతున్నదో చూస్తూ కూర్చున్నాడు.