లేమిలోని భేదాలు

హాజరుపట్టీ తెరిచినప్పుడెల్లా మేము లేమిని పలు రూపాలలో చూస్తుంటాము. పేరుండి మనిషి రాకపోతే గైరుహాజరు. పరీక్ష వ్రాసీ మార్కులు రాకపోతే సున్న. పట్టీలో పేరే లేకపోతే దానికి గుర్తే లేదు. ఉర్దూ నుండి వచ్చిన ‘గైరుహాజరు’ పర్చూరు ప్రాంతపు పల్లెలలో కూడా తెలుగు మాటే అయిపోయింది. అయినా ఈ లేములలోని భేదం మాకు చక్కగా బోధపడినది కంప్యూటరు ముందు.

విద్యార్థుల పట్టిక కోసం మేము జావాస్క్రిప్టు భాషలో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాశాము. 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన ఈ భాషలో ఒక ఆబ్జెక్టుకు లేని గుణాన్ని అడిగితే అది తప్పు పట్టదు. ‘అన్‌డిఫైన్డ్’ అని చెప్పి ఊరుకుంటుంది. ఆ అన్‌డిఫైన్డ్‌ను పట్టుకొని మరొక గుణం అడిగితేనే ‘టైప్‌ఎర్రర్’ అని ఆగిపోతుంది.

మేము ‘విద్యార్థి.తండ్రి.పేరు’ అని వ్రాశాము. మిరప కోతలకు వెళ్లే తల్లి కష్టంతో చదువుకుంటున్న ఒక అమ్మాయి దగ్గర ప్రోగ్రాము ఆగింది. ఆమె వివరాలలో ‘తండ్రి’ అనే గుణమే లేదు. ఆమె తరువాతి పేర్లేవీ పట్టికలోకి రాలేదు. “నా వల్ల ఆగిందా సార్?” అని ఆమె నెమ్మదిగా అడిగింది. ఆగినది ఆమె వల్ల కాదు. ప్రతి బిడ్డకూ తండ్రి ఉంటాడని తలచిన మా వల్ల.

దిద్దబోయి మరొక పొరపాటు చేశాము. ‘మార్కులుంటే’ అని మాత్రమే పరీక్షించాము. ఈ భాషలో సున్న కూడా అసత్యంగానే లెక్క. సున్న తెచ్చుకున్నవారు పరీక్షే వ్రాయనివారైపోయారు!

విలువ అన్‌డిఫైన్డా అని నేరుగా పోల్చడం ఒక మార్గం. కాని గుణం ఉండి కూడా దాని విలువ అన్‌డిఫైన్డ్ కావచ్చు. గుణం ఉన్నదా అని తెలుసుకోవడానికి ‘ఇన్’ ఉంది. అది పైనుండి సంక్రమించిన గుణాన్ని కూడా లెక్కిస్తుంది. సొంత గుణమే కావాలంటే 2022 ప్రమాణంలో చేరిన ‘హ్యాజ్‌ఓన్’ తగినది. చుక్కకు ముందు ప్రశ్నార్థకం ఉంచే పద్ధతి 2020లో వచ్చింది. అలా అడిగితే ప్రోగ్రాము ఆగదు. ‘నల్’ వేరు, ఇక్కడ ఏమీ లేదని ఎరిగి వ్రాసేది అది.

అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావం నాలుగు విధాలు. విద్యార్థి దశలో దానిని కంఠస్థం చేశామే గాని దాని అవసరం గ్రహించలేదు.

విద్యార్థులారా! అడగడానికి ముందు ఉన్నదా అని విచారించడం యంత్రానికి నియమం, మనిషికి మర్యాద. ఆ ప్రశ్నార్థకం చేర్చిన నాడు పట్టిక చివరివరకు వచ్చింది. ఆ అమ్మాయి పేరు ప్రక్కన, అందరికీ ఉన్నట్లే, తల్లి పేరు ఉన్నది.