జలస్తంభనం

మొన్న అమెరికానుండి వచ్చిన మా అక్క కొడుకు గౌలిపురలోని మా పాత ఇంటి వరండాలో పెట్టె విప్పి ఒక యంత్రాన్ని బయటకు తీశాడు. రెండు పిడులు, నడుమ చిన్న మర. నీటి అడుగున మనిషిని లాక్కుపోయే స్కూటరట. "గాలి సిలిండరు అక్కరలేదు మామా. ఊపిరి బిగబట్టి దీన్ని పట్టుకుంటే చాలు, ఇరవై మీటర్లు దించుతుంది" అన్నాడు మురిపెంగా.

నాకు వెంటనే స్ఫురించినది జలస్తంభన విద్య. చిన్ననాడు గుడిలో హరికథ విన్నాము: దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో దాగిన ఘట్టం. మరునాటినుండి మా వాడకట్టు పిల్లలమంతా ఊరి బయటి మోటబావిలో దుర్యోధనులమే. సొరకాయ బుర్రలు కట్టుకొని ఈత నేర్చినవాళ్ళం. పావలా బిళ్ళ విసిరి, మునిగి తేవడం మా పోటీ. ఒక మిత్రుడు మునిగేముందు ఇరవైమార్లు వడివడిగా ఊపిరి తీసి వదిలేవాడు. ఆ కిటుకుతో మా అందరికన్న ఎక్కువసేపు ఉండేవాడు. ఒకనాడు ఒడ్డున అంకెలు లెక్కిస్తున్న మేము నూటయాభై దాటగానే చప్పట్లు కొట్టాము. అతడు పైకి రాలేదు.

కారణం చాలా ఏళ్ళకు చదివి తెలుసుకున్నాను. ఊపిరి తీయమని మనలను ముఖ్యంగా తొందరపెట్టేది ప్రాణవాయువు కొరత కాదు, రక్తంలో పెరిగే బొగ్గుపులుసు వాయువు. వడివడి శ్వాసతో దానిని ముందే వెళ్ళగొడితే, హెచ్చరిక అందకముందే స్పృహ తప్పవచ్చు. పైకి వచ్చేటప్పుడు మరొక అపాయం. 10 మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలానికి రెండింతలు. ఎక్కుతున్నకొద్దీ అది తగ్గి, ఊపిరితిత్తులలో మిగిలిన కొద్దిపాటి ప్రాణవాయువూ రక్తానికి సరిగా అందదు. అందుకే వెలుగు కనబడే చివరి మీటర్లలోనే చాలామంది సొమ్మసిల్లుతారు.

స్కూటరు కాళ్ళ శ్రమను తగ్గిస్తుంది, ప్రాణవాయువును మిగులుస్తుంది, నిజమే. కాని చెవులు సర్దుకునే లోపలే లోతుకు దించగలదు. అక్కడ బ్యాటరీ ఆగితే తిరుగుదారి అంతా కాళ్ళదే. 2002లో డొమినికన్ రిపబ్లిక్ తీరంలో ఆడ్రీ మెస్ట్రే బరువుబండి సాయంతో 171 మీటర్లు దిగింది. పైకి తేవలసిన గాలితిత్తి సరిగా నిండలేదు. ఆమె ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఇదంతా వాడికి చెప్పాను. యంత్రం లేకుండా తిరిగి రాగలిగినంత లోతుకే దిగమన్నాను. కనిపెట్టి చూసే జతగాడు నీటిలో లేనిదే మునగవద్దన్నాను.

వాడు చాలాసేపు మర రెక్కలను వేలితో తిప్పుతూ కూర్చున్నాడు. "ఆ రోజు మీలో ఎవరూ దూకలేదా మామా?" అని అడిగాడు.

"దూకాము. చప్పట్లు ఆగిన తరువాత."