లోపలి నీరు, బయటి నీరు

"పడవ ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది కదా టీచర్, దాని ఇంజన్‌కు వేడి చేయడమేమిటి?" అని మా తరగతిలో ఒక అబ్బాయి అడిగాడు. మామిడిపళ్లు ఎక్కువ తిన్నవాళ్లకు వేడి చేసినట్టు ఇంజన్‌కు కూడా వేడి చేస్తుందా అని అందరూ నవ్వారు. ప్రశ్న మాత్రం మంచిది. దానికి జవాబు వెతుక్కుంటూ మేము దాదాపు ఒక విద్యాసంవత్సరం గడిపాం.

మేము అంటే రూర్కీలో తెలుగు చదువుకునే పదకొండు మంది పిల్లలు, వాళ్లకు తెలుగు చెప్పే టీచరు. పిల్లల్లో ఎక్కువమంది సైన్యంలో పనిచేసేవారి బిడ్డలు. సొంత ఊళ్లు శ్రీకాకుళం, కడప, నల్గొండ, గుంటూరు. పుట్టిన ఊళ్లు మాత్రం జబల్‌పూర్, పఠాన్‌కోట్, సికింద్రాబాద్. టీచరుకు ఉద్యోగంలో ఇది ఐదో ఊరు. అంటే మాలో ఎవరికీ ఈ ఊరు సొంతం కాదు, ఎవరూ ఇక్కడ ఎక్కువ కాలం ఉండరు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. తర్వాత మీకే తెలుస్తుంది.

రూర్కీ ఊరి మధ్యగా గంగా కాలువ పారుతుంది. 1854లో తెరిచిన కాలువ ఇది. నదుల గురించి పాఠం చెప్పుకుంటున్నప్పుడు గంగ మాట వచ్చింది. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1977లో మూడు జెట్ బోట్లతో గంగాసాగర్ నుంచి గంగకు ఎదురు ప్రయాణం చేశారు. వారణాసి, హరిద్వార్, ఋషీకేశ్ దాటి, అలకనందలో నందప్రయాగ దగ్గర ఒక జలపాతం అడ్డు వచ్చేదాకా పడవల్లోనే వెళ్లారు. ఆ తర్వాత కొండల్లోకి కాలినడక. మన పక్కనుంచే వెళ్లారని తెలియగానే పిల్లలకు ఆ పడవ ఎలా ఉంటుందో చూడాలనిపించింది. చూడటానికి దొరకదు కాబట్టి చేద్దామన్నారు. పాఠశాల విజ్ఞాన ప్రదర్శన ఎలాగూ రాబోతోంది.

జెట్ బోటును ఈనాటి రూపానికి తెచ్చినవారు న్యూజీలాండ్‌కు చెందిన బిల్ హామిల్టన్. గొర్రెల పెంపకం చేసే రైతు. వాళ్ల ప్రాంతపు నదులు వేగంగా పారతాయి, లోతు తక్కువ, అడుగంతా గులకరాళ్లు. మామూలు పడవకు కింద వేలాడే పంకా అక్కడ రాళ్లకు తగిలి విరిగిపోతుంది. అందుకని ఆయన 1950ల మొదట్లో వేరే పద్ధతి పట్టుకున్నారు. పడవ అడుగున ఒక రంధ్రం గుండా నీటిని లోపలికి పీల్చి, లోపల తిరిగే పంకాతో ఒత్తిడి పెంచి, వెనక ఉన్న ముక్కు గుండా బలంగా వెనక్కి చిమ్మాలి. నీరు వెనక్కి పోతే పడవ ముందుకు పోతుంది. ఆ ముక్కును పక్కకు తిప్పితే పడవ మలుపు తిరుగుతుంది. కింద వేలాడేది ఏమీ లేదు కాబట్టి అరచేతి లోతు నీళ్లలో కూడా దూసుకుపోగలదు. 1960లో ఇలాంటి పడవలు అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ గుండా కొలరాడో నదికి ఎదురెక్కాయి. న్యూజీలాండ్‌లో ఇప్పటికీ చాలామంది పాత కారు ఇంజన్ తెచ్చి, ఇంటి వెనక షెడ్డులో సొంతంగా జెట్ బోటు కట్టుకుంటారు.

మేము కట్టింది రెండడుగుల పడవ. మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్, దానిమీద ఎపాక్సీ పూత. జెట్ పంపు, బ్యాటరీ మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలరు కొన్నాం. చెక్కపని వర్క్ ఎక్స్‌పీరియన్స్ సారు దగ్గర, వైర్ల పని ఫిజిక్స్ సారు దగ్గర నేర్చుకున్నాం. ముందు బల్లమీద మోటారును ఊరికే తిప్పి చూశాం. పడవలో మూతపెట్టి తిప్పితే మూడు నిమిషాలకే చెయ్యి పెట్టలేనంత కాలింది. పడవ నీళ్లలో ఉంటుంది, నిజమే. కానీ మోటారు ఉండేది పొడిగా, గాలి ఆడని పెట్టెలో. రోడ్డుమీద కారుకు ముందున్న రేడియేటర్‌కు ఎదురుగాలి తగులుతుంది. పడవలో ఆ వీలు లేదు. మొదటి ప్రశ్నకు అదే జవాబు.

ఇక చల్లబరిచేది ఎలా? చుట్టూ ఉన్న నీటితోనే. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు కావాలి. అంతే బరువు గాలికి అందులో నాలుగో వంతు చాలు. కాబట్టి వేడిని మోసుకుపోవడంలో నీటికి సాటి లేదు. దానికోసం వేరే పంపు కూడా అక్కర్లేదు. జెట్ పంపులో ఎలాగూ ఒత్తిడి ఉంది. కడప అబ్బాయి ఒకడు ఆ పని నెత్తికెత్తుకున్నాడు. పంకా దాటిన తర్వాత, ముక్కుకు కాస్త ముందు, సన్నటి ఇత్తడి గొట్టం బిగించాడు. అక్కడినుంచి సిలికాన్ పైపు. ఆ పైపు ముందు స్పీడ్ కంట్రోలరు మీదుగా, తర్వాత మోటారు చుట్టూ తొడిగిన అల్యూమినియం తొడుగులోంచి పోయి, పడవ పక్కన నీటిమట్టానికి పైన ఉన్న రంధ్రంలోంచి బయటికి వస్తుంది. కంట్రోలరుకు ముందెందుకంటే, రెండింటిలో వేడికి త్వరగా పాడయ్యేది అదే. చల్లటి నీరు ముందు దానికి అందాలి.

బయటికి వచ్చే ఆ ధార చాలా ముఖ్యం. అది కనిపిస్తుంటే లోపల నీరు తిరుగుతున్నట్టు. ఆగిందంటే మోటారు ప్రమాదంలో ఉన్నట్టు. పెద్ద పడవల్లోనూ నడిపేవారు ఇలాంటి ధారమీద ఒక కన్ను వేసి ఉంచుతారు. దానికి మా పిల్లలు 'చూపుధార' అని పేరు పెట్టారు. ఇత్తడి గొట్టానికి 'నీటినోరు', అల్యూమినియం తొడుగుకు 'నీటిచొక్కా'. నిఘంటువులో ఉన్నాయో లేవో చూడలేదు. పడవ దగ్గర అందరికీ అర్థమయ్యాయి, అది చాలు.

సిమెంటు తొట్టిలో పడవ చక్కగా నడిచింది. పెద్దల తోడుతో చెరువుకు తీసుకెళ్లిన రోజు మాత్రం పది నిమిషాలకే చూపుధార సన్నబడింది. విప్పి చూస్తే నీటినోటి దగ్గర నాచు పోగు, దానికి అతుక్కుని ఇసుక రేణువులు. రెండు మిల్లీమీటర్ల గొట్టం మూసుకుపోవడానికి అంతకన్నా ఏం కావాలి? పైపు మధ్యలో ఊడదీసి కడుక్కోవడానికి వీలుగా చిన్న జాలి పెట్టాం. మలుపు దగ్గర పైపు మడతపడుతోందని గమనించి, అక్కడ మలుపును వెడల్పు చేశాం.

అప్పుడే ఇంకో ప్రశ్న వచ్చింది. హిమాలయ నదుల్లో ఒండ్రు, ఇసుక చాలా ఎక్కువ. అలాంటి నీటిని నేరుగా ఇంజన్‌లోకి పంపితే ఏమవుతుంది? ఇంజన్ దిమ్మెలోని సన్నటి దారుల్లో ఒండ్రు పేరుకుంటుంది. సముద్రమైతే ఉప్పు తినేస్తుంది. పైగా కొండ నది నీరు మరీ చల్లన. పెట్రోలు ఇంజన్‌కు అతి వేడి ఎంత చెడ్డదో, అతి చల్లదనం కూడా అంతే చెడ్డది. నూనెలో తేమ చేరి బురదలా మారుతుంది. అందుకే చాలామంది రెండు నీళ్ల పద్ధతి వాడతారు. ఇంజన్‌లో తిరిగేది లోపలి నీరు. అందులో గడ్డకట్టకుండా, తుప్పు పట్టకుండా మందు కలిపి ఉంటుంది. అది బయటికి పోదు. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా థర్మోస్టాట్ దాన్ని చల్లబడే చోటికి పోనివ్వదు. నదినుంచి వచ్చేది బయటి నీరు. రెండూ ఒక గుండ్రటి పెట్టెలో పక్కపక్కనే పారతాయి. మధ్యలో పలచని లోహపు గోడ. వేడి దాటుతుంది, నీరు కలవదు. బయటి నీటి దారి మూసుకుపోతే జాలిని కడుక్కోవచ్చు, గొట్టాలు పొడుచుకోవచ్చు. ఇంజన్ మాత్రం శుభ్రంగా ఉంటుంది.

బల్లమీద బొమ్మ గీసి ఇది చెబుతుంటే నల్గొండ అమ్మాయి అంది: "టీచర్, మన ఇంట్లో తెలుగులాగా. లోపల తెలుగు తిరుగుతుంది, బయట ఏ ఊరైతే ఆ ఊరి భాష."

ఆ మాట గురించి మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. బదిలీల మీద తిరిగే మనలాంటి వాళ్లు రెండు తప్పుదారుల్లో పడే అవకాశం ఉంది. ఒకటి, బయటి నీటినే పూర్తిగా లోపలికి రానిచ్చి, కొన్నేళ్లకు మన నీరేదో మనకే తెలియకుండా పోవడం. రెండోది, గోడ మందంగా కట్టుకుని, వచ్చిన ఊరితో ఏ సంబంధమూ లేకుండా తిరిగి వెళ్లిపోవడం. గోడ మందమైతే వేడి దాటదు, ఇంజన్ మాడిపోతుంది. గోడ ఉండాలి, పలచగా ఉండాలి. ఇంకొకటి, లోపలి నీరు ఒకసారి పోస్తే జీవితాంతం ఉండదు. తగ్గితే నింపాలి, కొన్నేళ్లకొకసారి మార్చాలి. ఇంట్లో మాట్లాడే నాలుగు తెలుగు మాటలతోనే సరిపెట్టుకుంటే అదీ పాతబడుతుంది. చదవాలి, రాయాలి.

రాయాల్సిన అవసరం మాకు త్వరలోనే వచ్చింది. ప్రదర్శనకు మూడు వారాల ముందు కడప అబ్బాయి వాళ్ల నాన్నగారికి జోధ్‌పూర్ పోస్టింగ్ వచ్చింది. ట్రంకు పెట్టెలకు రంగువేసి పేరు రాయడం, టి.సి. తీసుకోవడం, క్వార్టర్ ఖాళీ చేయడం మనందరికీ తెలిసినవే. పడవ గురించే దిగులు. నీటి పైపుల సంగతి పూర్తిగా తెలిసినవాడు వాడొక్కడే. అన్నీ పుస్తకంలో రాసి వెళ్తానన్నాడు. వాడు తెలుగు గలగలా మాట్లాడతాడు కానీ రాయాలంటే వత్తుల దగ్గర తడబడతాడు. "ఇంగ్లీషులో రాసేదా టీచర్?" అని అడిగాడు. శ్రీకాకుళం అమ్మాయి ఊరుకోలేదు. "తెలుగులోనే రాయి రా. నీ తర్వాత చూసేది మేమే కదా" అంది.

రెండు సాయంత్రాలు కూర్చుని రాశాడు. తప్పులు దిద్దమని అడిగితే దిద్దాం కానీ మాటలు మార్చలేదు. అందులో కొన్ని ఇవి:

నడిపే ముందు జాలి దగ్గర పైపు ఊడదీసి సిరంజితో నీళ్లు కొట్టాలి. చూపుధార రావాలి. రాకపోతే మోటారు తిప్పకూడదు.

చూపుధార సన్నబడితే వెంటనే ఒడ్డుకు తేవాలి. అందరూ చూస్తున్నా సరే.

ఒక్కసారిగా ఆపకూడదు. చివర ఒక నిమిషం నెమ్మదిగా నడపాలి. ఎందుకంటే ఆపగానే నీళ్లు ఆగిపోతాయి కానీ వేడి ఆగదు.

ఇంటికి తెచ్చాక మంచినీళ్లు పంపి, గాలి ఊది, ఆరబెట్టాలి. పైపు గట్టిబడితే మార్చాలి. బాగానే ఉంది కదా అనుకోవద్దు.

ప్రదర్శన రోజున వాడు లేడు. పడవ నడుస్తుండగా, సరిగ్గా న్యాయనిర్ణేతలు వచ్చినప్పుడే, చూపుధార సన్నబడింది. శ్రీకాకుళం అమ్మాయి మరో ఆలోచన లేకుండా పడవను ఒడ్డుకు తెచ్చింది. "ఏమైంది?" అని అడిగితే, "జాలి కడగాలి సర్, రెండు నిమిషాలు" అంది. జాలి కడిగింది, సిరంజితో నీళ్లు కొట్టింది, ధార చూసింది, మళ్లీ వదిలింది. బహుమతి వేరేవాళ్లకు వచ్చింది. మోటారు మాకు మిగిలింది. ఇప్పటికీ అదే మోటారు తిరుగుతోంది.

ఆ పుస్తకంలో ఇప్పుడు మూడు చేతిరాతలున్నాయి. రెండో రాత శ్రీకాకుళం అమ్మాయిది. వేసవి తర్వాత వాళ్లు జోర్హాట్ వెళ్తున్నారు. మూడో రాత ఆరో తరగతి పిల్లవాడిది. ఈ మధ్యే తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు. 'చూపుధార' మాత్రం తప్పు లేకుండా రాశాడు. వాడు చదవగలిగిన మొదటి పెద్ద పేజీ పాఠ్యపుస్తకంలోది కాదు, ఈ పుస్తకంలోదే.

మీరు ఏ ఊళ్లో ఉండి ఇది చదువుతున్నారో, వచ్చే ఏడు ఏ ఊళ్లో ఉంటారో మాకు తెలియదు. మీ బడిలో మీరు చూసుకునే మొక్క, లైబ్రరీలో సర్దిన అర, వాయించే డ్రమ్ము, ఏదో ఒకటి ఉంటుంది. వెళ్లే ముందు దాన్ని ఎలా చూసుకోవాలో ఒక పేజీ రాసి పెట్టండి. వీలైతే మీ భాషలో. కొత్త బడికి వెళ్లాక అక్కడ మీకంటే ముందు ఎవరైనా ఏమైనా రాసిపెట్టి వెళ్లారేమో అడగండి.

జోధ్‌పూర్ నుంచి కడప అబ్బాయి అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటాడు. అక్కడ చెరువు దూరమట, కొత్త స్నేహితులతో ఇసుకలో నడిచే బండి కడుతున్నాడట. మార్కుల గురించి, మా గురించి తర్వాత అడుగుతాడు. ముందు అడిగేది ఒకటే: "చూపుధార బాగా వస్తోందా?"

వస్తోంది.