శస్త్రానికి ముందు

శస్త్రచికిత్స అనగానే మన కన్నుల ముందు మెదిలేది వైద్యుని చేతిలోని కత్తి. అయితే అది దేహాన్ని తాకకముందే ఎంతో చికిత్స జరిగిపోతుంది. ఆ పని చేసినవారి పేరు రోగికి సైతం జ్ఞాపకముండదు.

ఈ విద్యతో హైదరాబాదుకు అనుబంధం పాతది. 1888, 1889 సంవత్సరాలలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ద్రవ్యసహాయంతో, ఎడ్వర్డ్ లారీ చొరవతో ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు పరిశోధనలు జరిపాయి. మత్తులో ఉన్న రోగి శ్వాసను అనుక్షణం కనిపెట్టి ఉండాలన్నది వాటి ప్రధాన బోధ. క్లోరోఫాం వల్ల గుండెకు నేరుగా ముప్పు లేదన్న వాటి నిర్ణయం మాత్రం తరువాతి పరిశోధనల ముందు నిలువలేదు. ఆ కాలంలోనే ఈ నగరంలో వైద్యం అభ్యసించిన రూపాబాయి ఫర్దూన్జీ, ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరిగా కీర్తి పొందారు.

నేడు చైతన్యపురి పరిసరాలలోని ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆ జాగరూకతకు వారసులు కనిపిస్తారు. నర్సు రోగి పేరు అడుగుతుంది. శస్త్రచికిత్స ఏ వైపున జరగాలో రోగి నోటనే చెప్పిస్తుంది. నగలు తీయించి బంధువులకు అప్పగిస్తుంది. గోళ్ల రంగు చెరిపిస్తుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే ఆ నీలిమ గోళ్లలో కనబడాలి కదా!

ఒకనాడు పిత్తాశయంలో రాళ్లతో వచ్చిన ఒక వృద్ధురాలిని నర్సు అడిగింది: “అమ్మా, పొద్దున ఏమన్న తాగినవా?” లేదని తల ఊపింది ఆమె. కొడుకు సెలవు పెట్టి వచ్చాడు. పని వాయిదా పడితే అతనికి నష్టమని ఆ తల్లి భయం. నర్సు మంచం అంచున కూర్చుండి మెల్లగా అన్నది: “మత్తులో కడుపులది పైకొచ్చి ఊపిరితిత్తులల్ల పడితే పానానికే ముప్పమ్మా. నిజం చెప్తే ఎవరూ కోప్పడరు.” వృద్ధురాలు తలవంచుకొన్నది. “జరంత చాయ్ తాగిన బిడ్డా!”

పాలు కలిసిన పానీయం తరువాత ఆరు గంటలు ఆగాలన్నది నియమం. మత్తువైద్యుడు శస్త్రచికిత్సను సాయంకాలానికి మార్చాడు. కొడుకు విసుగుకొన్నాడు. నర్సు మారుమాటాడక అతనికి కూడా ఆ కారణమే వివరించింది.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సా భద్రతకై ఒక ప్రశ్నల పట్టికను వెలువరించింది. పట్టిక ప్రశ్నలను గుర్తుచేయగలదు. రోగి భయాన్ని పోగొట్టి సత్యం పలికించగలిగేది మనిషి మాట ఒక్కటే. విద్యార్థులారా! అడుగవలసినది అడగడం విధి. ఎదుటివారు నిర్భయంగా చెప్పగలిగేటట్లు అడగడం సంస్కారం.