పేరు రాసుకోని మొక్క

కిరండూల్‌లో పెరిగిన మా పిల్లలకు కొండల పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. మా నాన్నగారు పనిచేసినది పద్నాలుగవ నంబరు నిక్షేపంలో. 1934–35లో క్రూక్‌శాంక్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు బైలదిల శ్రేణిని సర్వే చేసి, ఇనుప ఖనిజమున్న పద్నాలుగు చోట్లకు వరుస సంఖ్యలు వేశాడు. ఆ పద్నాలుగవ చోట 1968లో గని ప్రారంభమైంది. ఖనిజం రైలెక్కి, కొత్తవలస మీదుగా విశాఖ రేవు చేరి, జపానుకు వెళ్ళేది. అదే దారిన ఎదురువచ్చి మావంటి తెలుగు కుటుంబాలెన్నో అక్కడ కాపురాలు పెట్టాయి.

నాకు పన్నెండేళ్ళప్పుడు, ఒక వర్షాకాలపు ఆదివారం, నాన్నగారు నన్ను కొండమీదికి తీసుకువెళ్ళారు. వెంట ఆయన వద్ద పనిచేసే ముసలి గోండు ఒకడు వచ్చాడు. నాన్నగారు అతణ్ణి ‘దాదా’ అని పిలిచేవారు. శిఖరానికి దిగువన, మంచు కమ్మిన ఒక వాగు పక్క అతడు ఆగి చేయి చూపాడు. నల్లని మాను, దాని కొనన గొడుగువలె విచ్చుకున్న ఆకులు, నా తలకంటె ఎంతో ఎత్తు. ఫెర్న్ మొక్కలు కుండీలో పట్టేంతే ఉంటాయని మా పాఠ్యపుస్తకం నేర్పింది. ఇది చెట్టంత ఫెర్న్!

“ఇది ఉన్నచోట నీరు ఎండదు, బాబూ” అన్నాడు దాదా. తమ భాషలో దాని పేరు కూడా చెప్పాడు. నేను విని తల ఊపాను, రాసుకోలేదు.

చాలా ఏళ్ళ తరువాత ఒక గ్రంథాలయంలో హెచ్. ఎఫ్. మూనీ పేరు నా కంటబడింది. ఆయన అటవీ అధికారి. బస్తర్ సంస్థానంలోని బైలదిల శ్రేణి వృక్షజాలంపై ఆయన రచన 1942లో వెలువడింది. గని తవ్వకానికి పాతికేళ్ళు ముందే ఒక మనిషి ఆ కొండను ఖనిజంకోసం కాక ఆకులకోసం ఎక్కాడన్నమాట! మొక్కలు సేకరించడం తేలికపని కాదు. కోసిన కొమ్మను కాగితాల నడుమ అదిమిపెట్టాలి. తడిసిన కాగితాలు మార్చకపోతే బూజు పడుతుంది. ఏ చోట, ఏ ఎత్తున, ఏ తేదీన దొరికిందో రాయకపోతే అది వట్టి ఎండుటాకే.

విక్టోరియా రాణి కాలంలో, లండన్ క్యూ ఉద్యానవనం పంపగా 1859లో పశ్చిమాఫ్రికాకు బయలుదేరి కామెరూన్ పర్వతమెక్కిన గుస్తావ్ మాన్, తరువాత మన అస్సాం అడవులలో అధికారి అయినాడు. మూనీ ప్రయాణం దానికి ఎదురుదారి. ఆయన మన అడవులనుండి ఆఫ్రికాకు వెళ్ళి, ఇథియోపియాలో మొక్కలు సేకరించాడు. 1963లో వెలువడిన ఆయన పుస్తకం ఇథియోపియా మొక్కల పేర్ల నిఘంటువు. అక్కడి జనం తమ మొక్కలను తమ భాషలలో ఏమని పిలుస్తారో చెప్పే పుస్తకం!

ఆ సంగతి తెలిసిననాడు నాకు సిగ్గు వేసింది. ఎక్కడి మనిషో పరాయిదేశంలో చెట్టు చెట్టుకూ ఊరివారి మాట అడిగి రాసుకున్నాడు. మా అన్నం ఆ కొండ పెట్టినదే. అయినా, అడగకుండానే దక్కిన ఒక్క పేరును నేను జారవిడుచుకున్నాను. శాస్త్రనామం ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. దాదా నోటిమాట ఎక్కడ దొరుకుతుంది? ఆయన ఇప్పుడు లేడు.

ఆ మధ్య తొలకరి రోజులలో కిరండూల్ వెళుతూ జగ్దల్‌పూర్‌లో దిగాను. సంతలో ఒక అవ్వ మట్టి అంటిన చిన్నచిన్న గుండ్రని పుట్టగొడుగులు కుప్పపోసి కూర్చుంది. ధర అడగబోయి, ముందు పేరు అడిగాను.

“బోడా” అంది. “సాల్ చెట్ల కింద, మొదటి ఉరుములకు పుడతాయి. నాటితే రావు.”

జేబులోని పుస్తకం తీసి, పేరు, చోటు, తేదీ రాసుకున్నాను. చివర మరొక్క మాట చేర్చాను: ‘చెప్పినది సంతలోని అవ్వ.’

నేను రాయడం ముగించేవరకు ఆమె ఓపికగా చూసి, నవ్వి, “ఇంతకీ కొంటావా, బాబూ?” అంది.